మంచుకొండలో మీ పడక ఎంత ఎత్తున ఉంది?

మా జుక్కల్ ప్రాంతంలో మంచు కురవదు. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు కలిసే ఈ మూలలో పుష్యమాసపు తెల్లవారుజామున పొగమంచు పట్టడం, జొన్న ఆకుల మీద నీటిబొట్లు నిలవడం, ఇంతవరకే మాకు తెలిసిన శీతలం. కౌలాస్ కోట ఎక్కి దిగితే మోకాళ్ళు పట్టుకొని కూర్చొనేవాళ్ళం మేము. అటువంటి చోట, రక్తపోటు చూపించుకోవడానికి నా వద్దకు వచ్చేవారు కొన్నేళ్ళుగా ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. “మా పిల్లగాడు దోస్తులతోని గుల్మార్గ్‌కు స్కీయింగ్‌కు పోతనంటున్నడు, పంపొచ్చునా సార్?” అని ఒకరు. “మా కొడుకు అమెరికాలో మంచుగుట్ట మీద లాడ్జి తీసుకున్నడంట, క్రిస్మస్ సెలవులకు మమ్ముల గూడ తోలుకపోతడంట, మాకు పడుతదా?” అని మరొకరు. హైదరాబాదులో ఉద్యోగం చేసే పిల్లలు, డెన్వర్‌లోనో సియాటిల్‌లోనో స్థిరపడిన పిల్లలు మా ఇళ్ళలోకి తెచ్చిన ప్రశ్న ఇది. దీనికి సమాధానం చెప్పవలసిన బాధ్యత వైద్యులకు ఉన్నది.

వారిలో ప్రతి ఒక్కరి భయమూ వాలు గురించే. జారిపడితే కాలు విరుగుతుందా, లోయలో పడతారా, చలికి తట్టుకోగలరా అని అడుగుతారు. నేను తిరిగి వారిని అడిగేది ఒకటే: “రాత్రి పడుకొనే గది ఎంత ఎత్తున ఉంది?” ఇంతవరకు ఒక్కరైనా ఈ ప్రశ్నకు సమాధానం తెలిసి రాలేదు. గది అద్దె తెలుసు, కిటికీలోనుంచి ఏ శిఖరం కనబడుతుందో తెలుసు, అల్పాహారం ఉచితమో కాదో తెలుసు. ఎత్తు మాత్రం తెలియదు. పగలు వాలు మీద గడిపే నాలుగు గంటల కంటె రాత్రి పడక మీద గడిపే ఎనిమిది గంటలే ఈ యాత్రలలో ఎక్కువమందిని జబ్బుపడవేస్తాయని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఈ క్రీడను గురించి తెలియనివారికి రెండు మాటలు. సన్నని పొడవైన పలకలను పాదాలకు బిగించుకొని మంచువాలు మీద జారడం స్కీయింగ్. పెద్ద స్కీ కేంద్రాలలో తీగల మీద నడిచే పెట్టెలు, కుర్చీలు మనుషులను పైకి చేరవేస్తాయి. వారు జారి దిగడమే తరువాయి. ఆ యంత్రాలూ, చదును చేసిన వాలులూ, కాపలా సిబ్బందీ లేని కొండలలోకి సొంతకాళ్ళ మీద ఎక్కిపోయి, ఎవరూ తొక్కని మంచు మీద దిగిరావడాన్ని బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ అంటారు. ఎక్కేటప్పుడు వెనుకకు జారకుండా పలకల అడుగున ఒక పట్టీ అంటిస్తారు. దాని నూగు ఒకే దిక్కుకు దువ్వినట్లు ఉంటుంది కనుక ముందుకు జారుతుంది, వెనుకకు పట్టి నిలుపుతుంది. ఒకప్పుడు సీల్ అనే సముద్రజంతువు చర్మంతో చేసేవారు. ఇప్పుడు నైలాన్‌తోనో మేక ఉన్నితోనో చేస్తున్నారు. ఇటువంటివారు రాత్రి బస చేయడానికి కొండ నడుమ లాడ్జీలు, కొయ్య కుటీరాలు ఉంటాయి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో రెండవ ప్రపంచయుద్ధ కాలపు పర్వత సైనికదళం పేరిట, టెన్త్ మౌంటెన్ డివిజన్ హట్స్ అని, వరుసగా కొన్ని కుటీరాలు ఉన్నాయి. శీతాకాలంలో వాటికి బండి దారి ఉండదు. గంటల తరబడి మంచులో ఎక్కిపోవాలి, కట్టెల పొయ్యి రాజేసుకోవాలి, మంచును కరిగించి నీరు కాచుకోవాలి. వాటిలో చాలావరకు సుమారు మూడువేల మీటర్లకు పైన ఉన్నాయి. మన దేశంలో గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున, ఉత్తరాఖండ్‌లోని ఔలి 2,500 నుంచి 3,050 మీటర్ల నడుమ ఉన్నాయి.

ఎత్తుకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం ఒక స్కీయర్ వల్లనే వైద్యలోకానికి బాగా తెలియవచ్చింది. కొలరాడోలోని ఆస్పెన్ పట్టణంలో చార్లెస్ హూస్టన్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన పర్వతారోహకుడు కూడా. 1938లోను, 1953లోను కె2 శిఖరానికి వెళ్ళిన బృందాలకు నాయకుడు. ఇరవైయొక్క సంవత్సరాల ఆరోగ్యవంతుడైన యువకుడు ఒకడు ఆ కొండలలో స్కీయింగ్ చేస్తూ తీవ్రమైన ఆయాసంతో పడిపోగా ఆయన వద్దకు తెచ్చారు. ఊపిరితిత్తుల నిండా నీరు. గుండెలో లోపం లేదు. అంతకుముందు ఇటువంటివారిని న్యుమోనియా అనో గుండెజబ్బు అనో తీర్మానించి చికిత్స చేసేవారు. హూస్టన్ 1960లో ఆ రోగి కథనాన్ని ప్రచురించి, ఇది ఎత్తు వల్లనే ఊపిరితిత్తులలో నీరు చేరడమని వాదించాడు. పెరూ దేశపు వైద్యులు అంతకుముందే దీనిని గమనించి రాసినా స్పానిష్ భాషలోని ఆ రచనలు బయటివారి కంట పడలేదు.

రెండేళ్ళు తిరిగేసరికి ఆ జబ్బు మన గడపలోకి వచ్చింది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మైదానాలలోని సైనికులను ఉన్నపళంగా హిమాలయాల మీదికి చేర్చవలసి వచ్చింది. తూటా తగలకుండానే ఆయాసంతో, తలనొప్పితో, మతి తప్పి కూలిన జవానులను మన సైనికవైద్యులు చూశారు. ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికుల అనుభవాన్ని క్రోడీకరించి 1969లో ప్రకటించిన వ్యాసం ఈనాటికీ ఈ విషయంలో మూలస్తంభం వంటిది. నేను వైద్యవిద్య చదివిన రోజులలో మా పాఠ్యపుస్తకాలలో దీనికి దక్కిన చోటు అర పేజీ. దక్కన్ పీఠభూమిలో ఉద్యోగం చేయబోయేవాడికి అంతకంటె ఎందుకని అనుకొని ఉంటారు.

అసలు ఎత్తున జరిగేదేమిటి? చాలామంది అనుకొన్నట్లు కొండ మీది గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు. ఎక్కడైనా అది నూటికి ఇరవైయొక్క పాళ్ళే. తగ్గేది గాలి బరువు, అంటే పీడనం. సముద్రమట్టంలో పాదరసాన్ని 760 మిల్లీమీటర్లు నిలబెట్టే గాలి, 3,500 మీటర్ల ఎత్తున సుమారు 490 మిల్లీమీటర్లే నిలబెడుతుంది. 5,500 మీటర్లకు సగమవుతుంది. ప్రతి శ్వాసలోను లోపలికి పోయే ప్రాణవాయువు ఆ మేరకు తక్కువ. శరీరం దీనిని సర్దుకొంటుంది. శ్వాస వేగం పెంచుతుంది, మూత్రం ద్వారా క్షారాన్ని విసర్జించి రక్తపు ఆమ్లక్షార తుల్యతను సరిచేస్తుంది, కొన్ని వారాలకు ఎర్రకణాలను కూడా పెంచుతుంది. కాని దానికి వ్యవధి కావాలి. మొదటి సర్దుబాటుకే రెండు మూడు రోజులు పడుతుంది.

నిద్రలో శ్వాస మందగిస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు వేగంగా ఊపిరి తీసి లోటును పూడ్చుకొన్న మనిషి, నిద్ర పట్టగానే ఆ పని మానుకొంటాడు. రక్తంలో ప్రాణవాయువు పగటి కంటె మరింత దిగజారుతుంది. అందుచేతనే పగలు పై శిఖరం దాకా వెళ్ళివచ్చినా ఏమీ కాని వ్యక్తి, అక్కడే పడుకొంటే జబ్బుపడతాడు. పర్వతారోహకులు ఎత్తుకు ఎక్కి, కిందికి దిగి పడుకొనే పద్ధతిని పాటించేది ఇందుకే. గుల్మార్గ్‌లో తీగబండి ఎక్కితే అఫర్వత్ కొండ మీద సుమారు 3,950 మీటర్లకు చేరుస్తుంది. గంటో రెండు గంటలో ఉండి దిగిరావడం సాధారణంగా ఆరోగ్యవంతులకు ముప్పు కాదు. ఉదయం హైదరాబాదులో బయలుదేరి, శ్రీనగర్‌లో విమానం దిగి, మధ్యాహ్నానికే గుల్మార్గ్ చేరి, ఆ రాత్రే అక్కడ నిద్రించడం మాత్రం ఆలోచించవలసిన విషయం. శ్రీనగర్ సుమారు 1,585 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఒకటి రెండు రాత్రులు నిద్రించి వెళితే ఖర్చు పెరిగేది కొద్దిగానే. ఔలి వెళ్ళేవారికి జోషీమఠ్ అటువంటి మజిలీ.

రాత్రి నిద్రలో మరొక వింత జరుగుతుంది. శ్వాస క్రమంగా వేగం పుంజుకొని, ఆపై మందగించి, కొన్ని సెకన్లపాటు పూర్తిగా ఆగి, ఒక పెద్ద నిట్టూర్పుతో మళ్ళీ మొదలవుతుంది. డబ్లిన్ నగరపు వైద్యులు ఛెయిన్, స్టోక్స్ పేర్లతో పిలిచే శ్వాస ఇది. మా వార్డులలో ఆ శ్వాస కనబడితే గుండెనో మెదడునో అనుమానించేవాళ్ళం. ఎత్తయిన చోట ఆరోగ్యవంతులలో కూడా ఇది సహజమే. పక్కన పడుకొన్న ఇల్లాలు భయపడి భర్తను తట్టిలేపితే ఆమెను ఎవరూ నవ్వవద్దు. ఆయన మాత్రం కంగారుపడనవసరం లేదు. అయితే మద్యం, నిద్రమాత్రలు ఈ శ్వాసను మరింత అణచివేస్తాయి. చలికొండ మీది లాడ్జిలో మొదటి రాత్రి సీసా తీయడం ఒక ఆచారమైపోయింది. ఒళ్ళు వెచ్చబడుతుందని చెబుతారు. నిజానికి చర్మపు రక్తనాళాలు వెడల్పై లోపలి వేడి బయటికి పోతుంది. వెచ్చదనం చర్మానికి, నష్టం శరీరానికి.

మూడేళ్ళ కిందట మా మండలంలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడూ ఆయన శ్రీమతీ కొడుకు వద్దకు డెన్వర్ వెళ్ళారు. డెన్వర్ ఎత్తు సుమారు 1,600 మీటర్లు. దిగిన రెండవనాడే కొడుకు, కోడలు, పిల్లలతో కలిసి బ్రెకెన్‌రిడ్జ్ అనే స్కీ పట్టణంలో లాడ్జికి వెళ్ళారు. అది 2,900 మీటర్లకు పైచిలుకు. ఒకనాటి ఉదయం పదిన్నరకు నాకు ఫోన్ వచ్చింది. అక్కడ ముందురోజు రాత్రి పది గంటలు. “సార్, మా ఇంటామె మూడుసార్లు కక్కింది. నెత్తి పగులుతున్నదంటున్నది. తిన్నది అరగలేదంటున్నడు మావోడు. సోడా తాపిచ్చినం” అన్నారు. తలనొప్పి ఎప్పటినుంచి అని అడిగాను. సాయంత్రం నుంచి. జ్వరం లేదు, విరేచనాలు లేవు. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు కనుక అరగకపోవడానికి కడుపులో ఏమీ లేదు. ఆమెను లేపి, గదిలో ఒక సరళరేఖ మీద మడమకు బొటనవేలు తగిలేటట్లు పది అడుగులు నడిపించమన్నాను. నాలుగవ అడుగుకే పక్కకు తూలి గోడ పట్టుకొన్నది.

ఆ తూలు నన్ను భయపెట్టింది. ఎత్తైన చోట తలనొప్పి, వాంతి, నిద్రలేమి, నీరసం ఉంటే పర్వతవ్యాధి. అందులో చాలావరకు ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది. నడక తూలినా, మాట తడబడినా, మనిషి మత్తుగా ఉన్నా మెదడు వాస్తున్నదని అర్థం. కూర్చొని ఉండగా ఆయాసం, దగ్గు, గులాబీరంగు నురుగు, పెదవులు నల్లబడడం ఉంటే ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదని అర్థం. ఈ రెండింటిలోను తెల్లవారేదాకా ఆగితే ప్రాణాపాయం. ముందు చేయవలసినది ప్రాణవాయువు అందించడం, కిందికి దింపడం.

కిందికి దింపడమని చెప్పినంత సులభం కాదు. బ్రెకెన్‌రిడ్జ్ నుంచి డెన్వర్‌కు దిగాలంటే దారి ముందుగా పైకి పోతుంది. ఐసెన్‌హోవర్ సొరంగం సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. రాత్రి, మంచు కురుస్తూండగా, మెదడు వాచిన మనిషిని అంత ఎత్తుకు ఎక్కించి దింపడం కంటె, ఆ లోయలోనే ఉన్న ఆసుపత్రికి తక్షణం తీసుకుపొమ్మన్నాను. కొడుకు మొదట వెనుకాడాడు. తల్లి విసుగుతో నన్ను తిట్టుకొన్నదని తరువాత తెలిసింది. వెళ్ళారు. ప్రాణవాయువు పెట్టి, డెక్సామెథసోన్ ఇచ్చి రాత్రంతా కనిపెట్టుకొని ఉన్నారు. తెల్లవారేసరికి ఆమె తనంతట తాను లేచి టీ అడిగింది. మరునాడు ప్రాణవాయువు పెట్టుకొనే సొరంగం దాటి డెన్వర్ దిగింది. ఆమె వయసు అరవైఏడు. రక్తపోటు తప్ప మరొక జబ్బు లేదు. అదే గదిలో పడుకొన్న భర్తకు, డెబ్బైఒకటి, చిన్న తలనొప్పి కూడా రాలేదు.

ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేకపోవడమే ఈ జబ్బులోని చిక్కు. 1993లో కొలరాడోకు సెలవులకు వచ్చిన మూడువేలకు పైగా వయోజనులను పరిశీలిస్తే, 1,900 నుంచి 3,000 మీటర్ల ఎత్తులలోనే నూటికి ఇరవైఐదు మందిలో పర్వతవ్యాధి లక్షణాలు కనబడ్డాయి. వ్యాయామం చేసే కండలుతిరిగిన యువకులు కూడా ఇందుకు మినహాయింపు కాదు. పైగా వారికి ఉత్సాహం ఎక్కువ కనుక మొదటిరోజే శక్తికి మించి ఎక్కి తెచ్చుకొంటారు. ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రావడం మాత్రం తరచు.

మైదానంలో పుట్టిన మనకు కొండలు పడవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా పాత నిజామాబాద్ జిల్లాలోని పాకాల గ్రామంలో పుట్టి, ఇప్పుడు మా కామారెడ్డి జిల్లాలో చేరిన తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకొన్న మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పుడామె వయసు పదమూడు సంవత్సరాల పదకొండు నెలలు. ఆమెతోపాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ ఎక్కాడు. భువనగిరి బండ మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో నెలల తరబడి శిక్షణ పొంది, ఆపైన టిబెట్ వైపునుంచి మజిలీ మజిలీగా ఎక్కుతూ దిగుతూ శరీరాలకు ఎత్తు అలవాటు చేసుకొన్నాకనే వారు శిఖరానికి పోయారు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు వదలి, సోమవారం ఉదయానికి తిరిగి రావాలనుకొనే మన పిల్లలకు లేనిది ఆ వ్యవధి ఒక్కటే.

కనుక మీరు గది మాట్లాడుకొనే ముందు దాని ఎత్తు కనుక్కోండి. 2,500 మీటర్లకు లోపైతే ఆరోగ్యవంతులకు బెంగ తక్కువ. దానికి పైనయితే దారిలో రెండు రాత్రులు మధ్యస్థమైన ఎత్తున గడపండి. 3,000 మీటర్లు దాటిన తరువాత పడక ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దు. మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కడం ఆపి అదేచోట మరొక రాత్రి ఉండండి. ఇంకొక ప్రశ్న కూడా అడగండి: జబ్బుపడితే కిందికి దారి ఏది, అది మంచు కురిసినా తెరిచి ఉంటుందా? బండి దారిలేని కుటీరాలలో ఈ ప్రశ్న మరింత ముఖ్యం. మనిషిని స్కీల మీద లాగిన బల్లపై దించవలసి వస్తే, నలుగురు బలమైనవారికి ఒక పగలు పట్టవచ్చు.

అసిటజోలమైడ్ అనే మందు ఈ సర్దుబాటును త్వరపరుస్తుంది. ముందురోజు నుంచి పూటకు 125 మిల్లీగ్రాముల చొప్పున రెండు పూటలా వాడడం వాడుకలో ఉంది. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బు, కాలేయవ్యాధి ఉన్నవారు దీనిని సొంతంగా కొని వేసుకోకూడదు. మీ వైద్యునితో మాట్లాడి తీరవలసిందే. ఇక వాట్సాప్‌లో తిరిగే కర్పూరం సంగతి. కర్పూరం మూటకట్టి వాసన చూస్తే రక్తంలో ప్రాణవాయువు పెరుగుతుందని రాస్తారు. పెరగదు. ముక్కులో చల్లదనం కలిగి ఊపిరి బాగా ఆడుతున్నట్లు భ్రాంతి కలుగుతుంది, అంతే. పసిపిల్లలు దానిని నోట్లో వేసుకొంటే మూర్ఛలు వస్తాయి. దుకాణాలలో అమ్మే చిన్న ప్రాణవాయువు డబ్బాలు కొన్ని నిమిషాలకే ఖాళీ అవుతాయి. వాటి ధైర్యంతో పైన ఉండిపోవడం డబ్బా లేకపోవడం కంటె ప్రమాదం.

కొందరు అసలు వెళ్ళకపోవడమే మేలు. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, గుండె బలహీనమై కాళ్ళకు నీరు చేరేవారు, ఇంటివద్దనే ఆయాసపడే ఊపిరితిత్తుల రోగులు వీరిలో ముఖ్యులు. రక్తపోటు అదుపులో ఉన్నవారు వెళ్ళవచ్చు, మందులు మానకూడదు. పైకి వెళ్ళిన మొదటి రోజులలో పోటు కొంత పెరుగుతుంది. మన స్త్రీలలో రక్తహీనత విస్తారం. హీమోగ్లోబిన్ ఎనిమిదో తొమ్మిదో ఉన్న మనిషి రెండు వైపులా నష్టపోతుంది: గాలిలో సరుకు తక్కువ, మోసే బండ్లూ తక్కువ. వెళ్ళడానికి రెండు మూడు నెలల ముందే పరీక్ష చేయించి సరిదిద్దుకోవాలి. ఆదిలాబాద్ అడవులలోని గోండులు, కొలాములు మొదలైన ఆదివాసులలో కొడవలికణ లక్షణం కనబడుతుంది. ఒక జన్యువు మాత్రమే ఉన్నవారికి ఇంటివద్ద ఏ బాధా ఉండదు. తమకు ఉన్నదని కూడా తెలియదు. ఎత్తున, శ్రమపడినప్పుడు ప్లీహంలో రక్తం గడ్డకట్టి ఎడమ డొక్కలో భరించరాని నొప్పి రావచ్చు. ఆ కుటుంబాల పిల్లలు ఇప్పుడు పర్వతారోహణ శిక్షణకు వెళుతున్నారు. ఒక్క రక్తపరీక్ష ముందుగా చేయిస్తే చాలు. మధుమేహులు ఇన్సులిన్ సీసాను సంచిలో పెట్టకూడదు, గడ్డకట్టి పాడవుతుంది. చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి ఆనించి ఉంచుకోవాలి.

వాలు మీది ప్రమాదాన్ని తక్కువచేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. 2023 ఫిబ్రవరి 1న గుల్మార్గ్ పైన అఫర్వత్ కొండవాలులో మంచు చరియలు విరిగిపడి పోలండ్ దేశస్థులు ఇద్దరు మరణించారు. 2024 ఫిబ్రవరి 22న మళ్ళీ అక్కడే రష్యా స్కీయర్ ఒకరు చనిపోయారు. చరియలు ఎక్కువగా విరిగేది ముప్పై నుంచి నలభైఐదు డిగ్రీల వాలులో. స్కీయర్లు కోరుకొనేదీ ఆ వాలునే. మంచు కింద పూడిన మనిషిని మొదటి పదిపదిహేను నిమిషాలలో తవ్వితీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. అరగంట దాటితే మూడింట ఒక వంతుకు పడిపోతుంది. కింది ఊరినుంచి సహాయం అంత త్వరగా రాదు కనుక పక్కనున్న మిత్రుడే దిక్కు. ఒంటికి కట్టుకొన్న సంకేతయంత్రం, మంచులో గుచ్చి వెదికే పొడవాటి కడ్డీ, పార ఈ మూడూ ప్రతి ఒక్కరి వద్దా ఉండాలి, వాడడం నేర్చి ఉండాలి. స్థానిక మార్గదర్శి లేకుండా, ఆనాటి హెచ్చరిక చూడకుండా మన పిల్లలు తీగబండి హద్దు దాటకూడదు. ఇంతకు మించి చెప్పే అర్హత స్కీ కట్టని నాకు లేదు.

గదికే తిరిగి వస్తాను, ఎందుకంటే అక్కడ ఎత్తుతో సంబంధంలేని శత్రువు ఇంకొకటి ఉన్నది. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ అనే కొండప్రాంతపు విడిదిలో కేరళకు చెందిన పర్యాటకులు ఎనిమిది మంది, అందులో నలుగురు చిన్నపిల్లలు, ఒకే గదిలో పడుకొన్నారు. చలికి తలుపులూ కిటికీలూ బిగించి గ్యాస్ హీటరు వెలిగించుకొన్నారు. ఉదయానికి ఎవరూ లేవలేదు. బొగ్గైనా కట్టైనా గ్యాసైనా, గాలి చాలని గదిలో మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు మించిన గట్టిదనంతో రక్తవర్ణాన్ని పట్టుకొని వదలదు. అసలే ప్రాణవాయువు తక్కువైన ఎత్తున దీని దెబ్బ రెట్టింపు. కాశ్మీరులోని బుఖారీ పొయ్యికి పొగగొట్టం ఉంటుంది. అది మంచుతో మూసుకుపోయిందేమో పడుకొనే ముందు చూడాలి. బొగ్గులు నింపిన కాంగ్రీని దుప్పట్లో పెట్టుకొని నిద్రపోకూడదు. ఇందుకు గుల్మార్గ్ దాకా పోనవసరం లేదు. మా జుక్కల్ పల్లెలలో బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపు మూయడం నా ఉద్యోగకాలమంతా చూశాను. కుంపటి వద్దని నేనెన్నడూ అనలేదు, అంటే వినేవారూ లేరు. చేతివెడల్పున కిటికీ తెరిచి ఉంచమని, నిద్రపోయే ముందు కుంపటిని వాకిట్లో పెట్టమని చెప్పేవాడిని. లాడ్జికి పోయేవారు బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక గంటను వెంట తీసుకుపోవచ్చు. అరచేతిలో ఇమిడేంతది.

ఈ విషవాయువు తెచ్చేది కూడా తలనొప్పి, వాంతి, మత్తు. పర్వతవ్యాధి అని పొరబడడం ఎంతో సులభం. రెండింటినీ వేరు చేయడానికి ఒక గుర్తు చెబుతాను. పర్వతవ్యాధి ఒక గదిలో ఒకరికి వస్తుంది, మరొకరికి రాదు, ఆ ఉపాధ్యాయ దంపతుల విషయంలో జరిగినట్లు. గదిలోని వారందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి పోయి నిలబడితే తగ్గుతూ ఉంటే హీటరును అనుమానించండి. కోవిడ్ కాలంలో ప్రతి ఇంట్లోనూ కొని పెట్టుకొన్న వేలి పరికరం ఇక్కడ మోసం చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అది ప్రాణవాయువు పట్టిన రక్తంగానే లెక్కిస్తుంది. మనిషి సొమ్మసిల్లుతున్నా తెరమీద తొంభైఏడు, తొంభైఎనిమిది అని చూపుతుంది. ఆ సంఖ్య చూసి తలుపు వేసుకొని మళ్ళీ పడుకోవద్దు. హీటరు ఆర్పండి, పిల్లలను ముందుగా, ఆపై పెద్దలను బయటి గాలిలోకి తీసుకురండి, కంబళ్ళు తరువాత తెచ్చుకోవచ్చు.